మూడు ప్రతుల్లో స్వేచ్ఛ

ఆ ఏడాది జూన్ పద్దెనిమిదిన మోదుగువలస పిల్లలకు స్వేచ్ఛ వచ్చింది. మూడు ప్రతుల్లో వచ్చింది. ఒకటి గోడకు అంటించాలి, ఒకటి ఫైల్లో పెట్టాలి, మూడోదాని మీద 'ముట్టినది' అని రాసి, సంతకం పెట్టి, అదే రోజు సాయంత్రంలోగా జిల్లా ఆఫీసుకు పంపాలి. గవరయ్య మేష్టారు మూడూ చేశారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆయన ఏ కాగితాన్నీ చిన్నచూపు చూసి ఎరగరు.

మోదుగువలస బడికి ఒకటే గది, ఒకరే మేష్టారు, ఇరవై ముగ్గురు పిల్లలు, ఐదు తరగతులు. ఒక్క మనిషి ఐదు చోట్ల ఉండలేడు గనక పందొమ్మిదేళ్ళ కిందట ఈ ఊరికి బదిలీ మీద వచ్చినప్పుడే మేష్టారు ఒక ఒడుపు కనిపెట్టారు. పిల్లల్ని చాపల మీద వాళ్ళ మానాన వదిలేసి, ఎవరికి ఎక్కడ చిక్కుపడితే అక్కడికెళ్ళి పక్కన కూర్చునేవారు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతివాడికి తీసివేతలు చెప్పేది. చెప్పడంలో ఆ పిల్లకీ ఇంకోసారి వచ్చేవి. పదేసి చింతపిక్కలు ఒక అగ్గిపెట్టె, పది అగ్గిపెట్టెలు ఒక చెప్పుల డబ్బా. అదీ వంద. అట్టముక్కల మీద జిగురు పూసి, ఏటి ఇసక చల్లి అక్షరాలు చేశారు. వేలు పెట్టి దిద్దితే గరగరలాడేవి. "వాన ఎక్కడ్నించి వస్తాది మేస్టారూ?" అని ఎవరైనా అడిగితే ఆ వారమంతా వానే పాఠం. తనిఖీకి వచ్చినవాళ్ళు మాత్రం అన్ని తరగతులూ కలిసి కూర్చోవడం చూసి, మొహం చిట్లించి, రిజిస్టర్లో 'కలగాపులగం' అని రాసిపోయేవారు. మేష్టారు సిగ్గుపడేవారు.

ఇన్నేళ్ళుగా తాను చేస్తున్న తప్పు పేరు మాంటిస్సోరి విధానమని ఆయనకు జిల్లా కేంద్రంలో జరిగిన శిక్షణలో తెలిసింది.

శిక్షణ ఇచ్చింది బాలల స్వేచ్ఛ అమలు అధికారి చిదంబరరావు గారు. అంతకు ముందు ఆయన మరుగుదొడ్ల విభాగం చూసేవారు. అక్కడ లక్ష్యాన్ని నూటికి నూటపదకొండు శాతం సాధించినందువల్ల స్వేచ్ఛ కూడా ఆయనకే అప్పగించారు. రెండువందల మంది టీచర్లను ప్లాస్టిక్ కుర్చీల్లో వరుసగా కూర్చోబెట్టి, మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి వినమనడం ఎంత అనాగరికమో ఆయన ఏకబిగిన ఆరు గంటలు వివరించారు. ఎవరో చెయ్యెత్తితే "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో బస్సుల టైమైంది.

"ఆరేళ్ళు దాటిన బిడ్డ 'ఏమిటి' అని అడుగుట మాని 'ఎందుకు' అని అడగనారంభించును" అని ఆయన తెర మీదున్నది చదివారు. "గుంపుగా పనిచేయగోరును. విశ్వమంతయు తెలుసుకోగోరును. కావున మొదటి పాఠం విశ్వావిర్భావం. ఉదయం తొమ్మిదిన్నర మొదలు పన్నెండున్నర వరకు బిడ్డ తాను ఎంచుకున్న పనిలో మునిగియుండవలెను. ఆ మూడు గంటలలో బిడ్డ ఏకాగ్రతకు భంగం కలిగించినవారు, ఉపాధ్యాయులు గానీ, తల్లిదండ్రులు గానీ, అధికారులు గానీ, శాఖాపరమైన చర్యలకు బాధ్యులగుదురు. ఇక ఆరో నిబంధన. చాప బిడ్డ సామ్రాజ్యం. దానిని దాటరాదు, తొక్కరాదు, కదపరాదు. రాసుకోండి."

గవరయ్య మేష్టారు రాసుకున్నారు. లోలోపల ఆయనకు చాలా సంతోషంగా ఉంది. పందొమ్మిదేళ్ళు దొంగచాటుగా కాపురం చేసినవాడికి ఎవరో పిలిచి పెళ్ళి సర్టిఫికెట్ చేతిలో పెట్టినట్టుంది.

సంతోషం జూలై దాకా నిలిచింది. జూలైలో సామగ్రి పెట్టె వచ్చింది.

పెట్టె నిండా బంగారు రంగు పూసలు, కొయ్య దిమ్మెలు, రంగు రంగుల పటాలు. వాటితోపాటు 'విశ్వావిర్భావ బుడగ, నలుపు, ఒకటి' కూడా ఉంది. లోపల మెరుపు కాగితం తునకలు నింపి ఉన్నాయి. ఆది చీకటిని కళ్ళకు కట్టించి, టపీమని పేల్చి, నక్షత్రాలు పుట్టిన సంగతి చెప్పాలట. అయితే స్టాకు రిజిస్టరులో ఆ బుడగను 'మన్నికైన వస్తువులు' కింద రాశారు. లోటు వస్తే ఉపాధ్యాయుడే బాధ్యుడు. మేష్టారు స్పష్టత కోరుతూ జిల్లాకు రాశారు. పదకొండు రోజులకు జవాబు వచ్చింది: 'బుడగకు నష్టం వాటిల్లని రీతిలో పాఠం బోధించవలెను.'

దాంతో మోదుగువలసలో విశ్వం పుట్టుక ఆగిపోయింది. నక్షత్రాలు పుట్టడానికి ఒక్క క్షణం ముందు దాకా మేష్టారు ఎంతో రసవత్తరంగా చెప్పి, అక్కడ ఆపేసి, పెట్టెకు తాళం వేసేవారు.

"మరెప్పుడు పుడతాది మేస్టారూ?" అని అడిగింది నీలవేణి. ఐదో తరగతి. ఏ ప్రశ్ననూ సగంలో వదిలే రకం కాదు.

"జిల్లా నుంచి ఆర్డరు రావాలమ్మా."

పిల్లల ఎంపికకూ ఒక పద్ధతి వచ్చింది. ప్రతి బిడ్డా స్వేచ్ఛగా పని ఎంచుకుంటున్న క్షణంలో, చిరునవ్వుతో, ఫొటో తీసి ఉదయం తొమ్మిదీ నలభైలోగా యాప్‌లో పెట్టాలి. మోదుగువలసలో సిగ్నల్ పశువుల ఆసుపత్రి గోడ దగ్గర తప్ప ఎక్కడా అందదు. కాబట్టి పిల్లలు రోజూ పొద్దున్నే వరుసగా పశువుల ఆసుపత్రికి నడిచివెళ్ళి, గోడ దగ్గర స్వేచ్ఛగా ఎంచుకుని, నవ్వి, తిరిగి వచ్చేవారు. చూడి గేదెల మధ్య నవ్వడం మొదట్లో కష్టమైంది గానీ తర్వాత అలవాటైపోయింది.

ఇన్ని చేసినా మేష్టారు అసలు పని వదల్లేదు. అసలు పని పేరు ముత్యాలు. రెండో తరగతి, ఏడేళ్ళు, ఇంకా చదవడం రాదు. ఇసక అక్షరాలంటే మాత్రం ప్రాణం. కళ్ళు మూసుకుని వేలితో దిద్ది పేరు చెప్పేస్తుంది. కానీ రెండక్షరాలు పక్కపక్కన పెడితే అవి ఆ పిల్లకు ముక్కూమొహం తెలియని మనుషులే. రోజూ మధ్యాహ్నం అరగంట మేష్టారు ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చునేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. బళ్ళో వంట చేసే గౌరమ్మ ముత్యాలుకు అమ్మమ్మ. "దీనికి సదువొస్తాదంటావా బాబూ?" అని అడిగితే, "వస్తాది గౌరమ్మా. మందేసి మగ్గబెట్టిన పండు రుచుండదు, కాస్త ఆగు" అనేవారు. వస్తుందని ఆయనకు నమ్మకం. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే బెంగ.

సెప్టెంబరులో చిదంబరరావు గారు తనిఖీకి వచ్చారు. గది మూల నిలబడి రెండు గంటలు చూశారు. నీలవేణి నలుగురిని పోగేసి చేతి కర్రతో బడి చుట్టుకొలత తీస్తోంది. ఒకడు ఏటి మలుపుల పటం గీస్తున్నాడు. ముత్యాలు ఇసక అక్షరాలు దిద్దుకుంటోంది. మేష్టారు నిబంధన ప్రకారం కిటికీ పక్కన నోరు మూసుకుని కూర్చున్నారు.

పన్నెండున్నరకు అధికారి అడిగారు: "ఈ మూడు గంటల్లో మీరు ఎన్నిసార్లు జోక్యం చేసుకున్నారు?"

"ఒక్కసారేనండి. పోలినాయుడు చింతపిక్క ముక్కులో పెట్టుకున్నాడు. తీశాను."

"తీయరాదు" అన్నారు చిదంబరరావు గారు బాధగా. "వస్తువే బిడ్డ తప్పును దిద్దును. అదియే ఈ విధానంలోని కీలకం."

మూడు మార్కులు పోయాయి. మోదుగువలసకు నూటికి తొంభై ఏడు వచ్చాయి. జిల్లాలో ప్రథమ స్థానం. ఊళ్ళో కొబ్బరికాయ కొట్టారు, గౌరమ్మ పరమాన్నం వండింది.

వారానికి ఉత్తర్వు వచ్చింది. 'సదరు పాఠశాలయందు విద్యార్థులు ఉపాధ్యాయుని ప్రమేయము లేకుండగనే అభ్యసించుచున్నట్లు తనిఖీలో నిర్ధారణ అయినందున, మరియు సదరు అంశమును ఉపాధ్యాయుడే స్వయముగా నిరూపించినందున, సదరు ఉపాధ్యాయ పోస్టు మిగులుగా పరిగణించడమైనది. శ్రీ గవరయ్య గారు తక్షణమే జిల్లా కార్యాలయంలో స్వేచ్ఛా నివేదికల క్రోడీకరణ విధుల్లో చేరవలెను. పాఠశాలయందు వంటమనిషి మౌన పరిశీలకురాలిగా వ్యవహరించవలెను.' పక్క ఊరి బడిలో మేష్టారు రోజంతా కేకలేస్తూ, బెత్తం ఝళిపిస్తూ దొరికిపోయాడు. అక్కడ స్వేచ్ఛ బొత్తిగా వేళ్ళూనలేదని అదనంగా ఇద్దరు టీచర్లను వేశారు.

"బాగా సెప్పీవోణ్ణి తీసీత్తారేటి బాబూ?" అని గౌరమ్మ నోరు నొక్కుకుంది. "రేపు నాను కూర బాగొండితే నన్నూ తీసీత్తారా?"

మేష్టారికి నవ్వు రాలేదు. మేష్టారు లేకపోతే పిల్లలు తగ్గుతారు, తగ్గితే బడి మూసి హైవే అవతలి బడిలో కలుపుతారు. నాలుగు లైన్ల హైవే. ముత్యాలుకు ఏడేళ్ళు. ఆయన పెట్టె తాళం గౌరమ్మకిచ్చి, చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కారు. చూస్తే ఏడ్చేవారు.

జిల్లా ఆఫీసులో ఆయనకు చిదంబరరావు గారి గది బయట ఒక బల్ల ఇచ్చారు. ఏ బడిలో ఎన్ని నిమిషాల స్వేచ్ఛ ఇచ్చారో గళ్ళలో నింపి, కూడి, జిల్లా సగటు తీయాలి. మూడు రోజులు తీశారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మాత్రం కలం ఆగిపోయేది. ఆ వేళకు ముత్యాలు పక్కన ఎవరు కూర్చుంటున్నారో అనిపించేది.

నాలుగో రోజు ఉదయం తొమ్మిదీ ఇరవై అయిదుకు ఆఫీసు మెట్ల మీద చప్పుడైంది. తలెత్తి చూస్తే ముందు నీలవేణి, వెనక ఇరవై ఇద్దరు, అందరి చంకల్లోనూ చుట్టిన చాపలు. ఆఖర్న గౌరమ్మ, నెత్తి మీద పెట్టె.

"ఏటమ్మా ఇది!" అన్నారు మేష్టారు లేచి నిలబడి.

నీలవేణి నోటి మీద వేలు పెట్టింది. గోడ గడియారం చూసింది. తొమ్మిదిన్నర కాగానే పిల్లలు చాపలు పరిచేశారు. వరండాలో పరిచారు, హాల్లో పరిచారు, బీరువాల మధ్య సందుల్లో పరిచారు. చోటు చాలక చివరి మూడూ చిదంబరరావు గారి గది గుమ్మంలో పరిచారు. ఆయన లోపల ఉన్నారు. పని మొదలైంది.

అయిదు నిమిషాలకు లోపలినుంచి గుసగుసగా పిలుపు వచ్చింది. "గవరయ్య గారూ! ఏమిటిదంతా?"

"పద్నాలుగో నిబంధన అయ్యుంటుందండి" అన్నారు మేష్టారు తానూ గొంతు తగ్గించి. "బయటకు వెళ్ళుట. తరగతి గదిలో జవాబు దొరకని ప్రశ్న ఎదురైనప్పుడు పిల్లలు తామే ప్రణాళిక వేసుకుని, తెలిసినవారి వద్దకు పోవలెను. గోడకు అంటించిన ప్రతి చదివినట్టున్నారు."

"ఏం ప్రశ్న?"

నీలవేణి కాగితం చేతికిచ్చింది. మేష్టారు చదివారు: 'గౌరవనీయులైన సార్ గారికి. మా బడిలో మేస్టారితో కలిపి ఇరవై నలుగురం. మీరు ఒకరిని తీసేశారు. ఇరవై ముగ్గురం మిగిలాం. లెక్క సరిపోయింది. కానీ బడి మిగల్లేదు. ఎందుకో తెలియలేదు. చింతపిక్కలతో కూడా చేసి చూశాం. మీరు చెప్పగలరు.'

మేష్టారు దాన్ని మొదటినుంచి ఇంకోసారి చదువుకున్నారు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో తన గురించి ఎవరూ ఇంత మంచి రిపోర్టు రాయలేదు.

చిదంబరరావు గారికి ప్రశ్న వినే తీరిక లేదు. పదకొండు గంటలకు పక్క భవనంలో పై అధికారులతో వీడియో సమావేశం. 'స్వేచ్ఛ అమలులో మన జిల్లా' అన్న అంశం మీద ఆయనే మాట్లాడాలి. అదీగాక ఆయనకు షుగరుంది. పొద్దున్నే రెండు గ్లాసుల మెంతుల నీళ్ళు తాగి వస్తారు. మరుగుదొడ్డి హాలుకు ఆ చివర ఉంది.

"వాళ్ళను లేవమనండి."

"పన్నెండున్నర వరకు అనకూడదండి."

"పోనీ నేను అంటాను."

"మీరూ అనకూడదండి. 'అధికారులు గానీ' అని ఉంది."

"దాటి వస్తాను."

"ఆరో నిబంధనండి."

చిదంబరరావు గారు గుమ్మం దాకా వచ్చి చాపలకేసి చూశారు. అడుగు పెట్టేందుకు జానెడు నేల లేదు. ముందు నుయ్యి అయితే వెనక గొయ్యి అయినా ఉండేది. ఆయన వెనక ఉన్నది ఊచల కిటికీ. వెళ్ళి మళ్ళీ కూర్చున్నారు. కాసేపటికి లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

పదీ ముప్పావుకు నీలవేణి పెట్టె తెరిచి, నల్ల బుడగ తీసి నిండా ఊదింది. బుడగను పేల్చకూడదన్న సంగతి గౌరమ్మకు ఎవరూ కాగితం మీద పంపలేదు గనక ఆవిడ అడ్డుచెప్పలేదు. పిల్లలు చుట్టూ చేరారు. నీలవేణి మేష్టారి గొంతుతోనే మొదలుపెట్టింది. అంతా చీకటి, చలి, ఏమీ లేదు, ఎవరూ లేరు, అప్పుడూ... రెండు నెలలుగా అందరూ ఆగిపోయిన చోటికి వచ్చి, ఊపిరి పీల్చుకుని, గుండుసూదితో పొడిచింది.

ఆ చప్పుడుకు పక్క విభాగంలో ఇద్దరు టేబుళ్ళ కింద దూరారు. మెరుపు తునకలు ఫైళ్ళ మీద, ఫ్యాన్ రెక్కల మీద, ప్యూను బట్టతల మీద పడ్డాయి.

"ఓలమ్మ! పుట్టీసింది!" అన్నాడు పోలినాయుడు.

"స్టాకు..." అన్నారు చిదంబరరావు గారు లోపలినుంచి. ఆ కుదుపుకు ఆయన పరిస్థితి మరింత విషమించింది. "గవరయ్య గారూ, దయచేసి జోక్యం చేసుకోండి. మీరు చెబితే వింటారు."

"నేను జోక్యం చేసుకోనందుకే గదండీ నాకు తొంభై ఏడు వచ్చాయి. ఇప్పుడు చేసుకుంటే చర్యలు తీసుకుంటారు" అన్నారు మేష్టారు వినయంగా. తర్వాత, తన నోటినుంచి ఆ మాట వస్తుందని ఆయనకే తెలియకుండా అన్నారు: "రాసివ్వండి. చేసుకుంటాను."

"ఏమని?"

"మోదుగువలస పిల్లలకు జోక్యం చేసుకునే మనిషి అవసరమని."

చిదంబరరావు గారు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని రాశారు. అంత వేగంగా ఆయన ఎన్నడూ ఏ ఫైలూ కదిలించలేదు. 'సదరు విద్యార్థులయందు ఉపాధ్యాయుని ప్రమేయము అత్యవసరమని క్షేత్రస్థాయిలో నిర్ధారణ అయినందున, మునుపటి ఉత్తర్వును రద్దుపరుస్తూ, శ్రీ గవరయ్య గారిని తక్షణమే యథాస్థానమునకు...' సంతకం పెట్టి, ముద్ర వేసి, చాపల మీదుగా చెయ్యి చాచారు.

మేష్టారు అందుకోలేదు.

"మూడు ప్రతులండి" అన్నారు.

మూడూ చేతికొచ్చాక, చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మేష్టారు పిల్లల వైపు తిరిగారు. 'చాపలు తీయండమ్మా' అనబోయి, గుమ్మం దగ్గర చూసి నోరు మూసుకున్నారు.

ముత్యాలు ప్యూను కూర్చునే స్టూలును గుమ్మానికి అడ్డంగా లాక్కుని, దాని మీదెక్కి నిలబడింది. తలుపు పక్కన గోడకు బోర్డు ఉంది. ఇత్తడి అక్షరాలు, పైకి ఉబ్బి ఉన్నవి. అవి ఎంతసేపటినుంచి పిలుస్తున్నాయో ఆ పిల్లను! వేలితో ఒక్కొక్కటే దిద్దుతోంది. "అ... ను..." మళ్ళీ వెనక్కొచ్చింది. "అను... మ... అనుమ..." పెదవులు కదులుతున్నాయి. "అనుమతి."

గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మా..." అని మొదలుపెట్టారు లోపలినుంచి చిదంబరరావు గారు. మేష్టారు ఆయనకేసి చూసిన చూపు పందొమ్మిదేళ్ళలో మోదుగువలస పిల్లలెవరూ చూసి ఉండరు. అధికారి మాట అక్కడే ఆగిపోయింది.

"అనుమతి... లే... లేనిదే... లో... లోనికి... రా... రా... రారాదు."

ముత్యాలు వేలు తీసేసింది. మొత్తం మళ్ళీ ఒక్క గుక్కలో చదివింది. పక్కపక్కన ఊరికే నిలబడే అక్షరాలు ఒక్కసారిగా చుట్టాలైపోయి మాట్లాడేసరికి ఆ పిల్ల మొహం విప్పారింది. మేష్టారు కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ మొహం ఒక్క క్షణం కనిపించకుండా పోతుందని.

ముత్యాలు స్టూలు మీదినుంచే గదిలోకి తొంగిచూసింది. మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డ అధికారిని పైనుంచి కిందికి చూసింది. ఆపైన మేష్టారి వైపు తిరిగి అసలు ప్రశ్న అడిగింది.

"లోపలికి రావాలంటే అడగాల. మరి బయటికి పోవాలంటే ఎవల్ని అడగాల మేస్టారూ?"

మేష్టారు జవాబు చెప్పలేదు. జోక్యం అవుతుంది.

"నిన్నేనమ్మా" అన్నారు చిదంబరరావు గారు నీరసంగా. "నిన్నే అడగాలి. పోనా?"

ముత్యాలు ఆలోచించింది. బోర్డు మీద ఇంకా కింద ఏదో మెరుస్తోంది. 'బాలల స్వేచ్ఛ అమలు అధికారి.' వంగి, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"కూసింత ఉండు తాతా" అంది. "ఇంకో వరసుంది. ఇందులో ఒత్తులున్నాయి."